నాలుగు విండోల ఎఫెక్ట్: ఒక కీఫ్రేమ్ సరిచేస్తే ఇంకోచోట పాడవుతోంది, తెలిసినవాళ్లు చెప్పండి

సూళ్లూరుపేట_లోకల్
చెన్నైలో ఈక్కాట్టుతాంగల్ వైపు ఒక స్టూడియోలో ఆన్‌లైన్ ఎడిటర్‌గా, అంటే లైవ్‌లో కెమెరాలు, గెస్ట్ ఫీడ్లు కలిపే స్విచ్చర్ మీద చేస్తున్నా. రాత్రి డిబేట్ షో నాదే. టూ విండో నుంచి ఫోర్ విండోకి వెళ్లే ఎఫెక్ట్ ఎవరో ఎప్పుడో కట్టి పెట్టారు. 4 కీఫ్రేములు (ఏ క్షణంలో బాక్స్ ఎక్కడ ఉండాలో దాచిన గుర్తులు), మొత్తం 2 సెకన్లు. ఒక్కో కీయర్‌లో (బొమ్మ మీద ఇంకో బొమ్మ పొరగా పెట్టే భాగం) ఒక్కో బాక్స్. ఇప్పుడు ఛానల్ లోగో పెద్దది చేశారు. దాంతో కుడివైపు పైన ఉండే రెండో బాక్స్ వెళ్లి లోగో కింద దూరుతోంది. డైరెక్టర్ కొంచెం దించమన్నారు. 3వ కీఫ్రేమ్ దగ్గర ఆపి, బాక్స్ దించి, మాడిఫై కొట్టా. రన్ చేస్తే 3 దగ్గర బాగానే దిగుతుంది. 4కి వచ్చేసరికి మళ్లీ ఎక్కి లోగో కిందే కూర్చుంటుంది.

సరే అని 4లో కూడా అదే నంబర్ కొట్టా. ఇప్పుడు 3కీ 4కీ మధ్య బాక్స్ ఇంకాస్త కిందికి జారి, మళ్లీ పైకొచ్చి ఆగుతోంది. రెండు చోట్లా ఒకే విలువ ఉన్నప్పుడు ఈ జారుడు ఎక్కడిది?

ఇంకో తలనొప్పి. రీకాల్ (దాచిన ఎఫెక్ట్‌ని పిలవడం) కొట్టి నడిపితే విండోల్లో గెస్టులు మారిపోతున్నారు. మొన్న ఒక పార్టీ ఆయన బాక్సులో ఎదుటి పార్టీ ఆయన వచ్చి కూర్చున్నాడు, కింద పేరు మాత్రం మారలేదు.

ఏ మెషీన్ అని అడగొద్దు. చెప్తే స్టూడియో ఏదో తెలిసిపోతుంది. పెద్ద బ్రాండే, 2 ఎంఈ (రెండు మిక్స్ ఎఫెక్ట్ వరసలు).

ఎంఈ_టూ_మురళి
ఒక పార్టీ పేరు కింద ఇంకో పార్టీ ఆయన. ఎఫెక్ట్ తప్పు అని ఎందుకనుకుంటున్నావు, ఆయన ఆ రోజే మారి ఉండొచ్చు కదా.

ఓబీ_వ్యాన్_రాజు
😂😂 లైవ్‌లో బ్రేకింగ్ ఇచ్చేశావు గురూ

పాత_పీసీఆర్
మూడు వేర్వేరు సమస్యలు ఒకే మూట కట్టి తెచ్చావు తమ్ముడూ. ఒక్కొక్కటిగా విప్పుదాం.

మొదటిది. మాడిఫై అనేది నువ్వు నిలబడ్డ కీఫ్రేమ్‌ని మాత్రమే మారుస్తుంది. 4వ దానికి నువ్వు బాక్స్ దించిన సంగతే తెలియదు. అందులో పాత విలువ అలాగే ఉంది కాబట్టి అక్కడికే వెళ్తుంది. మెషీన్ తప్పేం లేదు. బాక్స్ చివరికి ఎక్కడ ఆగాలో ఆ చోటుని ఎన్ని కీఫ్రేములు పంచుకుంటున్నాయో అన్నిటినీ మార్చాలి. నీ ఎఫెక్ట్‌లో 3, 4. అదీగాక ఫోర్ విండో నుంచి టూ విండోకి వెనక్కి వచ్చే ఎఫెక్ట్ వేరే రిజిస్టర్‌లో (ఎఫెక్టులు దాచే గడి) ఉంటే దాని 1వ కీఫ్రేమ్ కూడా మార్చాలి. లేకపోతే వెనక్కి వచ్చేటప్పుడు బాక్స్ ఒక్క ఫ్రేమ్‌లో పైకి ఎగిరి అక్కడి నుంచి బయల్దేరుతుంది. ఇది చాలామంది మర్చిపోతారు.

వడపళని_వాసు
అన్నిటిలో ఒక్కొక్కటిగా కొట్టడం ఎందుకండీ, మాడిఫై ఆల్ ఉందిగా.

పాత_పీసీఆర్
వాసూ, ఆ బటన్ గురించి తెలియకుండా ఎవరికీ సలహా ఇవ్వకు. కొన్ని మెషీన్లలో అది నువ్వు మార్చిన తేడాని మాత్రమే ప్రతి కీఫ్రేమ్‌కీ కలుపుతుంది. కొన్నిట్లో ఇప్పుడున్న విలువనే తీసుకెళ్లి అన్నిట్లో రుద్దుతుంది. రెండోదైతే బాక్స్ మొదటి నుంచి చివరిదాకా ఒకేచోట ఉంటుంది, ఇక కదలికే ఉండదు. మొదటిదైనా ఇతనికి పనికిరాదు. టూ విండోలో ఉన్నప్పటి స్థానం కూడా కిందికి దిగిపోతుంది. అక్కడ లోగో గొడవే లేదుగా.

వడపళని_వాసు
నేను వాడిన దాంట్లో తేడానే కలిపింది. ఎప్పుడూ ఇబ్బంది రాలేదు.

ఎంఈ_టూ_మురళి
నేను వాడిన దాంట్లో రుద్దింది. ఆరు విండోలూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. ఇద్దరం రైటే. ఖాళీ రిజిస్టర్‌లో రెండు కీఫ్రేములు పెట్టి కొట్టి చూస్తే నిమిషంలో తెలుస్తుంది, మాన్యువల్ కూడా తిరగేయక్కర్లేదు.

కర్వ్_కామేశ్వరి
రెండో సమస్య నాకిష్టమైనది. ఆ జారుడు కర్వ్ వల్ల.

3లో, 4లో ఒకే విలువ ఉంటే మధ్యలో కదలకూడదు కదా అని అందరం అనుకుంటాం. పాత్ (కదిలే దారి) లీనియర్‌లో, అంటే తిన్నగా ఉంటే నిజంగానే కదలదు. కానీ మీ ఎఫెక్ట్ కట్టినవాళ్లు కదలిక మెత్తగా రావాలని కర్వ్ లేదా స్ప్లైన్ (కీఫ్రేముల గుండా వంపుగా వెళ్లే దారి) పెట్టి ఉంటారు. స్ప్లైన్ ఒక కీఫ్రేమ్ గుండా వెళ్లేటప్పుడు దాని ముందుదాన్నీ తర్వాతిదాన్నీ కూడా చూస్తుంది. 2 నుంచి 3కి బాక్స్ కిందికి వస్తోంది. 3 దగ్గర వేగం ఒక్కసారిగా సున్నా చేయడం స్ప్లైన్‌కి ఇష్టం ఉండదు. ఆ ఊపులో కాస్త దాటిపోయి, 4 చేరేలోపు వెనక్కి వస్తుంది. స్టాప్ దాటి నాలుగడుగులు వెళ్లి ఆగే సిటీ బస్సు లాగా.

ఎంత దాటుతుందో లెక్క కూడా కట్టొచ్చు. మామూలు స్ప్లైన్, కీఫ్రేముల మధ్య వ్యవధులు సమానం అనుకుంటే, 2 నుంచి 3కి కదిలిన దూరంలో 7 శాతం పైచిలుకు. 300 పిక్సెళ్లు దిగితే 22 పిక్సెళ్లు అదనంగా జారి వెనక్కి వస్తుంది. కంటికి తెలిసిపోతుంది. మీవి వ్యవధులు వేరుగా ఉంటే అంకె మారుతుంది, జారుడు మాత్రం ఉంటుంది.

మందు రెండు రకాలు. 3వ కీఫ్రేమ్‌కి టెన్షన్ పెంచండి. పూర్తిగా పెంచితే అక్కడ వేగం సున్నా అవుతుంది, దాటిపోవడం ఉండదు. లేదంటే ఆ బాక్స్ పొజిషన్‌కి మాత్రం పాత్ ఎస్-కర్వ్‌కి మార్చండి. గ్రాస్ వ్యాలీ స్విచ్చర్లలో ఎస్-లీనియర్ అంటారు. అది ప్రతి కీఫ్రేమ్ దగ్గరా మెల్లగా బయల్దేరి మెల్లగా ఆగుతుంది, పక్క కీఫ్రేముల జోలికి పోదు.

సూళ్లూరుపేట_లోకల్
అక్కా, మెనూలో టెన్షన్, కంటిన్యుటీ, బయస్ అని మూడు కనిపిస్తున్నాయి. నాకున్న టెన్షన్ చాలక ఇదొకటా అని ఎప్పుడూ ముట్టుకోలేదు.

కర్వ్_కామేశ్వరి
ముట్టుకోండి, ఏం కాదు. 1984లో కోఖానెక్, బార్టెల్స్ అని ఇద్దరు కంప్యూటర్ గ్రాఫిక్స్ వాళ్లు ఒక పరిశోధన పత్రంలో ఈ మూడు కంట్రోళ్లూ ఇచ్చారు. యానిమేషన్ సాఫ్ట్‌వేర్లలోనూ స్విచ్చర్లలోనూ ఈ మూడు పేర్లు కనిపిస్తే మూలం అదే. టెన్షన్ పెంచితే మలుపు దగ్గర బిగుస్తుంది. కంటిన్యుటీ తగ్గిస్తే మూల తిరిగినట్టు ఠక్కున దిశ మారుతుంది. బయస్ వల్ల ఊపు కీఫ్రేమ్‌కి ముందు పడాలా తర్వాత పడాలా అన్నది మారుతుంది. డిబేట్ విండోలకి మొదటిది చాలు. మిగతా రెండూ స్పోర్ట్స్ ఓపెనింగులు కట్టేవాళ్ల సరదా.

ఓబీ_వ్యాన్_రాజు
మేము స్పోర్ట్స్ వాళ్లమే, మేమూ ముట్టుకోం. రీప్లే వైప్‌కి ఒక క్లిప్ ఉంటుంది, కీయర్ ఆన్ అవుతుంది, క్లిప్ మధ్యలో వెనక కట్ పడుతుంది, అంతే. అందులో ఒక్కటే అసలు విషయం: తెరంతా లోగో కప్పేసిన ఫ్రేమ్‌లోనే కట్ పడాలి. ఒక్క ఫ్రేమ్ ముందు పడితే చేపాక్ గ్యాలరీలో కూర్చున్నవాడికి కూడా కనిపిస్తుంది.

పెళ్లి_లైవ్_శీను
మీరంతా పెద్ద మనుషులు. మాకు ఏటెమ్ అనే చిన్న స్విచ్చర్‌లో ఎ, బి అని రెండే కీఫ్రేములు. ఎ దగ్గర చిన్న బాక్స్, బి దగ్గర పెద్ద బాక్స్. రన్ టు ఎ, రన్ టు బి, లేకపోతే ఫుల్. మధ్యలో మూడోది పెట్టే దారే లేదు. కానీ ముహూర్తం టైమ్‌లో పెళ్లికూతురి మొహం పెద్దది చేయడానికి అంతకంటే ఏం కావాలి?

ఎంఈ_టూ_మురళి
జీలకర్ర బెల్లం టైమ్‌లో బాక్స్ గిరగిరా తిప్పే పాత రోజులు పోయాయిలే.

పాత_పీసీఆర్
ఎక్కడ పోయాయి. ఎమ్‌ఎక్స్ 50 మిక్సర్ కాలంలో ప్రతి పెళ్లి క్యాసెట్‌లోనూ ఒక వైప్, ఒక మొజాయిక్, ఒక స్ట్రోబ్ ఉండాల్సిందే. లేకపోతే పెళ్లికొడుకు తండ్రి బ్యాలెన్స్ డబ్బులు ఇచ్చేవాడు కాదు. పాండీ బజార్‌లో పట్టుచీర కొన్నారన్న విషయం స్ట్రోబ్‌లో అసలు కనిపించేది కాదు పాపం.

గ్రాఫిక్స్_సుధ
అసలు విండోలు స్విచ్చర్‌లో ఎందుకు కడుతున్నారు? మా దగ్గర మొత్తం గ్రాఫిక్స్ ఇంజిన్ నుంచే వస్తాయి. గెస్ట్ ఫీడ్లు దాంట్లోకి వెళ్తాయి. విండో, పేరు, స్ట్రిప్ అన్నీ ఒకే సీన్. పేరు ఒకటి, మనిషి ఒకరు అనే సమస్యే రాదు. కదలిక కూడా టైమ్‌లైన్‌లో మౌస్‌తో లాగి సరిచేయొచ్చు.

పాత_పీసీఆర్
సుధా, వీడియో గ్రాఫిక్స్ ఇంజిన్‌లోకి వెళ్లి బయటికి వచ్చేసరికి కొన్ని ఫ్రేములు ఆలస్యం అవుతుంది. దానికి తగ్గట్టు ఆడియో కూడా ఆలస్యం చేయాలి. యాంకర్ ఫుల్ ఫ్రేమ్‌లో ఉన్నప్పుడు ఆ ఆలస్యం ఉండదు, విండోలోకి వెళ్లగానే ఉంటుంది. పెదవులు ఒకటి, మాట ఒకటి. స్విచ్చర్‌లో డీవీఈ (బాక్స్ సైజు, చోటు మార్చే భాగం) అయితే ఆలస్యం దాదాపు ఉండదు. ఉన్నా ఒకటీ అరా ఫ్రేమ్.

గ్రాఫిక్స్_సుధ
యాంకర్‌ని కూడా ఎప్పుడూ ఇంజిన్ గుండానే పంపితే ఆ తేడా ఉండదు సార్. మేము అలాగే చేస్తాం.

పాత_పీసీఆర్
ఇంజిన్ హ్యాంగ్ అయితే?

గ్రాఫిక్స్_సుధ
అప్పుడు స్విచ్చర్‌లో కట్టిన విండోలకి వెళ్తాం. 😊

వడపళని_వాసు
అంటే మళ్లీ ఈ థ్రెడ్ దగ్గరికే వచ్చారు.

క్రాస్‌పాయింట్_కృష్ణ
మూడోదానికి ఇంకా ఎవరూ జవాబు ఇవ్వలేదు. గెస్ట్ మారడం గురించి. నా లెక్కలో ముందు చూడాల్సింది ఇదే. బాక్స్ జారితే ఎవడూ ఫోన్ చేయడు, మనిషి మారితే పార్టీ ఆఫీసు నుంచే ఫోన్ వస్తుంది.

బాక్స్ పొజిషన్, సైజు, క్రాప్ ఇవన్నీ అంకెలు. 10 నుంచి 20కి వెళ్లమంటే మధ్యలో 11, 12 ఉంటాయి. కెమెరా 3 నుంచి కెమెరా 7కి వెళ్లడానికి మధ్యలో ఏమీ లేదు. కీ ఆన్, ఆఫ్ కూడా అంతే. ఇలాంటివి కదలవు, కీఫ్రేమ్ రాగానే ఠక్కున మారతాయి. ఎఫెక్ట్ కట్టిన రోజు రెండో విండోలో ఏ సోర్స్ ఉందో అది కూడా ప్రతి కీఫ్రేమ్‌లో పడి ఉంటుంది. నువ్వు రీకాల్ కొట్టిన క్షణంలో 1వ కీఫ్రేమ్ వచ్చి ఆ పాత సోర్స్‌ని పెట్టేస్తుంది. నువ్వు షో మొదట్లో చేత్తో ఎంచుకున్న గెస్ట్ లైన్ గల్లంతు.

దీనికే సోర్స్ హోల్డ్ ఉంది. సోనీలో క్రాస్‌పాయింట్ హోల్డ్ అంటారు. దాన్ని ఆ కీయర్‌కి ఆన్ చేసి దాచితే, రీకాల్ కొట్టినా సోర్స్ జోలికి పోకుండా ఇప్పుడున్నదే ఉంచుతుంది. ఒక్క 1వ కీఫ్రేమ్‌లో పెట్టి వదిలేయకు. 2, 3, 4 కూడా చూసుకో. ఒక్కదాంట్లో వదిలేసినా సరిగ్గా అక్కడికి రాగానే మనిషి మారతాడు. మా దగ్గర ఒకసారి చివరి కీఫ్రేమ్‌లో మాత్రం హోల్డ్ లేదు. గెస్ట్ 2 సెకన్లు కనిపించి, విండో ఆగగానే కలర్ బార్స్ (రంగు చారల టెస్ట్ బొమ్మ) అయిపోయాడు.

ఎంఈ_టూ_మురళి
చాలా డిబేట్లలో అదే మెరుగు.

సూళ్లూరుపేట_లోకల్
కృష్ణన్నా, హోల్డ్ ఆన్ చేస్తే మరి పొజిషన్ ఎడిట్లు పడతాయా?

క్రాస్‌పాయింట్_కృష్ణ
పడతాయి. హోల్డ్ అనేది సోర్స్ ఎంపికకి మాత్రమే. ఇంకో జాగ్రత్త ఉంది. నువ్వు మాడిఫై కొట్టేటప్పుడు నీ బాక్స్ ఒక్కటే దాంట్లో పడుతుందని అనుకోకు. ఏయే లెవెళ్లు (స్విచ్చర్‌లోని భాగాలు) ఎనేబుల్ అయి ఉన్నాయో వాటి స్థితి మొత్తం పడుతుంది. సోనీలో రీజియన్లు, గ్రాస్ వ్యాలీలో లెవెళ్లు. ఎంఈ 1, ఎంఈ 2, ఆక్స్ (అదనపు అవుట్‌పుట్) అన్నీ వెలిగి ఉన్నప్పుడు మాడిఫై కొట్టావంటే, ఆ సమయంలో ఆక్స్‌లో ఏముంటే అది కూడా ఆ కీఫ్రేమ్‌లోకి వెళ్లిపోతుంది. తర్వాత ఎప్పుడో ఎఫెక్ట్ నడిపితే స్టూడియోలో ఉన్న ఎల్‌ఈడీ వాల్ మీద బొమ్మ మారుతుంది. ఎందుకు మారిందో ఎవరికీ అర్థం కాదు, ఇంజినీర్ వచ్చి కేబుల్ మారుస్తాడు. ఎడిట్ మొదలుపెట్టే ముందే నీకు కావలసిన ఒక్క ఎంఈ తప్ప మిగతా అన్నీ ఆర్పేయ్.

బెంగళూరు_బాబ్జీ
ఇంజినీర్ కేబుల్ మార్చడం 🤣 ఇది అన్ని ఊళ్లలోనూ ఒకటే. మా బెంగళూరులో అయితే కేబుల్ మార్చి, టీ తాగి, "ఇప్పుడు చూడండి" అంటాడు.

ఎల్‌ఈడీ వాల్ కాదు గానీ మాకు ఇంకోటి జరిగింది. ఒక బాక్స్ 1వ కీఫ్రేమ్‌లో నిటారుగా ఉంది, 2లో కూడా నిటారుగానే ఉంది. ఆగి చూస్తే రెండూ ఒకేలా ఉన్నాయి. రన్ కొడితే మధ్యలో బాక్స్ ఒక పల్టీ కొడుతుంది! చివరికి చూస్తే ఒకదాంట్లో రొటేషన్ 0, ఇంకోదాంట్లో 360. ఎవరో జాయ్‌స్టిక్ తిప్పి మళ్లీ నిటారుగా తెచ్చారు, కానీ మెషీన్ దాన్ని ఒక పూర్తి చుట్టుగా లెక్కపెట్టుకుంది. బొమ్మ చూసి కాదు, అంకె చూసి సరిపెట్టుకోవాలని అప్పుడు తెలిసింది. అప్పటినుంచి జాయ్‌స్టిక్‌తో చుట్టుపక్కలకి తెచ్చుకుని, చివర్లో అంకె టైప్ చేస్తాం.

కర్వ్_కామేశ్వరి
మంచి మాట. రంగుకి కూడా ఇదే తంతు. బ్యాక్‌గ్రౌండ్ మ్యాట్ (వెనక ఉండే ఒట్టి రంగు) ఎరుపు నుంచి నీలానికి మారాలంటే రంగుల చక్రంలో దగ్గరి దారినా, దూరపు దారినా అని సోనీలో హ్యూ పాత్ ఉంటుంది: షార్ట్, లాంగ్, గడియారం దిశ, ఎదురు దిశ. తప్పుది పెడితే మధ్యలో ఆకుపచ్చ మెరుస్తుంది. ఎలక్షన్ టైమ్‌లో ఏ రంగు ఎక్కడ మెరిసినా గొడవే.

సూళ్లూరుపేట_లోకల్
ఇంకోటి అడగాలి. డైరెక్టర్‌కి ఇప్పుడు ఎఫెక్ట్ మొత్తం త్వరగా కావాలట. "సీక్రం సీక్రం" అంటున్నారు. 2 సెకన్లది 1 సెకను 5 ఫ్రేములు చేయమన్నారు. ఒక్కో కీఫ్రేమ్ డ్యూరేషన్ నేనే లెక్కగట్టి కొట్టాలా?

పాత_పీసీఆర్
వద్దు. కీఫ్రేమ్ డ్యూరేషన్, ఎఫెక్ట్ డ్యూరేషన్ రెండు వేర్వేరు. కీఫ్రేమ్ డ్యూరేషన్ అంటే ఆ కీఫ్రేమ్ నుంచి తర్వాతిదానికి పట్టే సమయం. ఎఫెక్ట్ డ్యూరేషన్ మొత్తం పొడవు. మొత్తాన్ని మారిస్తే లోపలివన్నీ అదే నిష్పత్తిలో కుదించుకుంటాయి. మనకి సెకనుకి 25 ఫ్రేములు. నీ 2 సెకన్లు అంటే 50. లోపల 20, 10, 20 అని ఉన్నాయనుకో. మొత్తం 30 చేస్తే అవి 12, 6, 12 అవుతాయి. ఆ అంకెలు చక్కగా పడ్డాయి కాబట్టి సరే. పడకపోతే మెషీన్ తనకి తోచినట్టు ఒక ఫ్రేమ్ అటూ ఇటూ సర్దుతుంది.

మధ్యలో కొత్త కీఫ్రేమ్ చేరుస్తున్నావా? అప్పుడు మాత్రం చూసుకో. కొన్నిట్లో చేర్చగానే మొత్తం పొడవు పెరుగుతుంది. సోనీలో కాన్‌స్టెంట్ డ్యూరేషన్ అని బటన్ ఉంది, అది వెలిగి ఉంటే మొత్తం మారదు, నువ్వు ఆగిన చోట ఆ ముక్క రెండుగా చీలుతుంది. 20 ఫ్రేముల ముక్కలో 12 దగ్గర ఆగి చేర్చితే 12, 8. మ్యూజిక్ బీట్‌కి సరిపెట్టిన ఎఫెక్ట్ అయితే ఇది ఆన్ చేయకుండా ఇన్సర్ట్ కొట్టొద్దు.

వడపళని_వాసు
మా డైరెక్టర్ అర సెకను అంటాడు. 12న్నర ఫ్రేములు ఎలా కొట్టాలి?

కర్వ్_కామేశ్వరి
1080ఐ50 వీడియో ఫార్మాట్‌లో సెకనుకి 50 ఫీల్డులు (సగం ఫ్రేములు). 12న్నర ఫ్రేములంటే సరిగ్గా 25 ఫీల్డులు. కదలిక ఫీల్డ్ ఫీల్డ్‌కీ మారుతుంది కాబట్టి మీ డైరెక్టర్ అడిగింది సిద్ధాంతపరంగా సాధ్యమే. మెనూలో మాత్రం ఫ్రేములే టైప్ చేస్తాం. 12 కొట్టి, 13 కొట్టా సార్ అని చెప్పండి.

వడపళని_వాసు
13 కొట్టానంటే 11 చేయమంటాడు, నాకు తెలుసు.

పాత_పీసీఆర్
డైరెక్టర్లు అందరూ ఒకే బడిలో చదివారు. టేప్ సూట్‌లో ఉన్నప్పుడు వీటీఆర్ (టేప్ మెషీన్) 5 సెకన్లు ముందు నుంచి తిరిగి, ఎడిట్ కంట్రోలర్ జీపీఐ పల్స్ (మొదలుపెట్టమనే సిగ్నల్) పంపితే స్విచ్చర్‌లో ఎఫెక్ట్ నడిచేది. "కొంచెం త్వరగా" అన్నారంటే మళ్లీ రెండు టేపులు వెనక్కి తిప్పి మొదటి నుంచి. ఇప్పుడు మీకు ఒక నంబర్ మార్చితే అయిపోయింది, అదృష్టవంతులు.

ఓబీ_వ్యాన్_రాజు
నాదొక భిన్నాభిప్రాయం. డిబేట్ విండోలకి అసలు కీఫ్రేములు దండగ. టూ విండో ఒక స్నాప్‌షాట్ (స్విచ్చర్ ఉన్న స్థితిని అలాగే దాచడం), ఫోర్ ఒకటి, సిక్స్ ఒకటి. అన్నిటికీ ఎఫెక్ట్స్ డిసాల్వ్ (ఒక స్థితి నుంచి ఇంకోదానికి మెల్లగా మారడం) పెట్టి, 15 ఫ్రేములు ఇస్తే చాలు. ఇప్పుడు ఎక్కడ ఉన్నా, ఎక్కడికి పిలిస్తే అక్కడికి బాక్సులు కదిలి వెళ్తాయి. సోనీలో ఉంది, గ్రాస్ వ్యాలీలో ఉంది, రాస్‌లో ఉంది. వీమిక్స్ సాఫ్ట్‌వేర్‌లో మెర్జ్ కూడా దాదాపు ఇదే. నాలుగు నుంచి ఆరుకి, ఆరు నుంచి రెండుకి, ప్రతి జంటకీ వేరే ఎఫెక్ట్ కట్టక్కర్లేదు. లోగో పెద్దదయితే ఒక్క స్నాప్‌షాట్‌లో బాక్స్ దించితే సరి, 3వ కీఫ్రేమా 4వ కీఫ్రేమా అని ఈ థ్రెడ్డే ఉండేది కాదు.

పాత_పీసీఆర్
రాజూ, డిసాల్వ్‌లో అన్ని బాక్సులూ ఒకేసారి బయల్దేరి ఒకేసారి ఆగుతాయి, గీత గీసినట్టు. ముందు యాంకర్ తప్పుకుని, ఆ చోట్లోకి గెస్ట్ రావాలంటే? ఒకదాని మీదుగా ఒకటి దాటుకుంటూ పోతాయి. ఆ వరస కోసమే మధ్యలో కీఫ్రేములు.

ఓబీ_వ్యాన్_రాజు
8 గంటలకి నలుగురు ఒకేసారి అరుస్తుంటే బాక్సుల వరస ఎవరు చూస్తారు సార్.

గ్రాఫిక్స్_సుధ
నేను చూస్తాను.

క్రాస్‌పాయింట్_కృష్ణ
రాజు పద్ధతికి నేను కూడా ఓటేస్తా, ఒక షరతు మీద. కీ ఆన్, ఆఫ్ డిసాల్వ్ అవ్వవని పైనే చెప్పా. టూ విండోలో 3, 4 బాక్సుల కీలు ఆఫ్‌లో పెట్టి దాచావనుకో, ఫోర్‌కి వెళ్లేటప్పుడు అవి ఎక్కడినుంచో రావు, గాల్లో ప్రత్యక్షమవుతాయి. అందుకే అన్ని స్నాప్‌షాట్లలోనూ నాలుగు కీలూ ఆన్‌లోనే ఉంచి, అక్కర్లేని బాక్సుల్ని తెర బయట పార్క్ చేయాలి. కుడివైపువి కుడి బయట, ఎడమవి ఎడమ బయట. అప్పుడు లోపలికి జారుతూ వస్తాయి. ఆరు విండోలకి మాత్రం ఒక ఎంఈలో నాలుగు కీయర్లే ఉంటే సరిపోవు, రెండో ఎంఈ కూడా తినేస్తుంది.

పెళ్లి_లైవ్_శీను
ఈ పార్కింగ్ ఐడియా నేను ఎత్తుకెళ్తున్నా. మార్గళిలో మైలాపూర్‌లో ఒక సభలో కచేరీ లైవ్ ఉంది. మృదంగం తని ఆవర్తనం వచ్చినప్పుడు బాక్స్ పక్కనుంచి జారుతూ రావాలని వాళ్ల కోరిక. ఎ కీఫ్రేమ్ తెర బయట, బి కీఫ్రేమ్ కుడి మూల. నా రెండు కీఫ్రేములకి సరిపోయింది చూశారా.

ఎంఈ_టూ_మురళి
శీనూ, తని అయిపోయాక రన్ టు ఎ కొట్టడం మర్చిపోకు. వర్ణం దాకా... అదే, మంగళం దాకా ఆయన మూలలోనే ఉంటాడు.

సూళ్లూరుపేట_లోకల్
ఇవాళ షో ముందు కూర్చున్నా. ముందు రిజిస్టర్‌ని ఖాళీదాంట్లోకి కాపీ చేసుకుని, ఎంఈ 1 తప్ప లెవెళ్లన్నీ ఆర్పేశా. ప్రోగ్రామ్ (ఎయిర్ మీదికి వెళ్లేది) వేరే చోటి నుంచి వెళ్తోంది కాబట్టి భయం లేదు. 3, 4 రెండింట్లో అంకె టైప్ చేశా, టెన్షన్ పూర్తిగా పెంచా, జారుడు పోయింది. కామేశ్వరక్కకి థ్యాంక్స్. వెనక్కి వచ్చే ఎఫెక్ట్ కూడా వేరే రిజిస్టర్‌లోనే ఉంది, పాత పీసీఆర్ గారు చెప్పినట్టే అందులో 1వ కీఫ్రేమ్ పైనే ఉండిపోయింది, సరిచేశా.

హోల్డ్ చూస్తే 1లో ఉంది, 2లో ఉంది, 3లో లేదు, 4లో ఉంది. అంటే ఎఫెక్ట్ కట్టినాయనకి విషయం తెలుసు, తర్వాత ఎవరో 3లో ఏదో మార్చి మాడిఫై కొట్టారు.

ఒక సందేహం మిగిలింది. ఎడిట్ చేసేటప్పుడు అంతా బాగుంది. కానీ నిన్న సరిచేసిన ఇంకో ఎఫెక్ట్ ఇవాళ పొద్దున్నకి మళ్లీ పాతదే ఉంది. రీకాల్ కొడితే పాతదే వస్తోంది.

క్రాస్‌పాయింట్_కృష్ణ
రెండు అవకాశాలు. ఒకటి, ఎడిట్ పని బఫర్‌లోనే (తాత్కాలిక మెమరీ) జరిగింది, తిరిగి రిజిస్టర్‌లోకి దాచలేదు. కొన్ని మెషీన్లు మాడిఫై కొట్టగానే దాస్తాయి. కొన్నిట్లో మళ్లీ లర్న్ లేదా స్టోర్ కొట్టాలి. వేరే రిజిస్టర్ పిలిచి, మళ్లీ ఇది పిలిచి చూస్తే అక్కడికక్కడే తెలిసిపోతుంది. రెండోది, రాత్రి షిఫ్ట్‌వాడు తన పెన్‌డ్రైవ్ నుంచి షో ఫైల్ (ఎఫెక్టులన్నీ దాచిన ఫైల్) లోడ్ చేసి ఉంటాడు. అతని ఫైల్‌లో పాత ఎఫెక్టే ఉంది, నీది పైనుంచి కొట్టుకుపోయింది.

సూళ్లూరుపేట_లోకల్
రెండోదే అయి ఉంటుంది. రాత్రి ఆయన రాగానే పెన్‌డ్రైవ్ గుచ్చుతాడు, నమస్తే కూడా తర్వాతే.

పాత_పీసీఆర్
అయితే నీ ఫైల్ తేదీ పేరుతో సేవ్ చేసి, ఆయన పెన్‌డ్రైవ్‌లోనే వేసిపో. రిజిస్టర్‌కి పేరు పెట్టే వీలుంటే పేరు పెట్టు, లాక్ ఉంటే లాక్ పెట్టు. రాత్రి ఆయనతో ఒకసారి కూర్చుని మాట్లాడు కూడా. హోల్డ్ లేని 3వ కీఫ్రేమ్ ఎవరిదో అక్కడే తెలుస్తుంది.

వడపళని_వాసు
ఆయన కూడా ఈ ఫోరమ్‌లోనే ఉంటే?

నైట్_షిఫ్ట్_99
ఉన్నా. ఆ 3వ కీఫ్రేమ్ నాది కాదు. పగలు లీవ్‌లో ఉన్నాయన బదులు వచ్చినతను మార్చాడు. పెన్‌డ్రైవ్ గురించి మాత్రం రేపు మాట్లాడుకుందాం తమ్ముడూ, 10కి టీ దగ్గరికి రా. సిక్స్ విండో ఎఫెక్ట్ ఒకటి రివర్స్‌లో నడిపితే పేర్ల స్ట్రిప్ ముందే ఎగిరిపోతోంది, అదీ చూడాలి.

క్రాస్‌పాయింట్_కృష్ణ
స్ట్రిప్ కీ ఆఫ్ ఏ కీఫ్రేమ్‌లో ఉందో చూడండి. ముందుకి నడిపినప్పుడు 2లో ఆన్ అవుతుంటే, రివర్స్‌లో 2 నుంచి 1 వైపు తిరగగానే ఆఫ్ అయిపోవచ్చు. ఆన్‌ని 1వ కీఫ్రేమ్‌కే జరిపి, స్ట్రిప్‌ని తెర కింద పార్క్ చేసి చూడండి. అప్పుడు రెండు దిశల్లోనూ జారుతూనే వెళ్తుంది.